ముత్తాతను మట్టి చేసిన చోటు వెతకడం ఎలా?

మా ముత్తాత మిషన్ బడిలో పంతులు. కందుకూరు పక్క పల్లెలో పోయాడని, అక్కడే మట్టి చేశారని ఇంట్లో అందరూ చెప్పేవాళ్లు. సమాధి ఎక్కడుందంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. వెతుకుదామని బయలుదేరి, ఒంగోలులో ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. ఆయన పోయేనాటికి ఆ ఊరికీ ఒంగోలుకీ సంబంధమే లేదని ఆ తర్వాత తెలిసింది. మీకు ఆ తిప్పలు రాకుండా, పని ఏ వరసలో చేసుకోవాలో చెబుతాను.

ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి

"తాత ఏ సంవత్సరం పోయాడు?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "అప్పటికి నీకు పెళ్లయిందా? ఊళ్లోకి కరెంటు వచ్చిందా?" అని అడగండి. మా అత్తకు ఎనభై దాటాయి. తేదీ అడిగితే కసురుకుంది. కాసేపటికి తనే, "పొట్టి శ్రీరాములు పోయిన ఏడేరా, మా తాత కూడా పోయింది" అంది. పొట్టి శ్రీరాములు పోయింది 1952 డిసెంబర్ 15న. అత్త ఒక్క మాటతో నా వెతుకులాట ఒక్క ఏడాదికి కుదించుకుపోయింది.

ఇంకో రెండు సంగతులు తప్పకుండా అడగాలి. ఒకటి, ఇంట్లో పిలిచే పేరు, కాగితాల్లో ఉండే పేరు. మన వైపు ఇంట్లో పెంచలయ్య, చర్చి రిజిస్టర్‌లో యాకోబు కావడం మామూలే. రెండోది, అసలు పూడ్చారా, దహనం చేశారా? నెల్లూరులో పెన్న ఒడ్డున బోడిగాడితోటలో దహనం చేసి ఉంటే రాయి కోసం వెతకడం దండగ. జంగాలు, లింగాయతులు పూడుస్తారు. సొంత చేలోనే సమాధి కట్టుకున్న కుటుంబాలూ చాలా ఉన్నాయి. అలాంటప్పుడు శ్మశానం కన్నా ఆ పొలం పాత దస్తావేజులే ఎక్కువ పనికొస్తాయి.

ఆనాటికి ఊరు ఏ తాలూకాలో ఉందో చూసుకోండి

నేను బోల్తాపడింది ఇక్కడే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు జిల్లా. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అంతకుముందు నెల్లూరువే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. ఈ గీతలు మారినప్పుడల్లా రిజిస్టర్లు ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మారాయి. అందుకే ఇప్పటి మండలం పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లకండి, పాత తాలూకా పేరు కూడా రాసుకుని వెళ్లండి.

మరణాల రిజిస్టర్

ఇప్పుడున్న జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అంతకుముందు మన వైపు 1899 నాటి మద్రాసు చట్టం నడిచేది, పల్లెల్లో మునసబులు రాసేవాళ్లు. మునసబు, కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి. ఈరోజున ముందు గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిని, తర్వాత తహసీల్దార్ ఆఫీసును, పట్నమైతే మున్సిపల్ ఆఫీసును అడగాలి. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి రిజిస్టర్ వెతికించమని ఎవరైనా అడగొచ్చు. మరణానికి కారణం మాత్రం ఆ నకలులో ఇవ్వరు. పేరు దొరకలేదంటే, ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇందులో పోయిన చోటు ఉంటుంది గానీ, పూడ్చిన చోటు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. మనకు కావలసింది తేదీ. అది చేతిలో ఉంటే మిగతా తలుపులు తెరుచుకుంటాయి.

చర్చి, మసీదు

నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో వచ్చింది. ఆ మిషన్ పాదిరి క్లౌ దొర ఒంగోలులో దిగింది 1866లో. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పరంపరలోని కుటుంబమైతే పాస్టరు గారి దగ్గర భూస్థాపన రిజిస్టర్ ఉందేమో అడగండి. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురిలో కాదు, మధ్యలో ఒక సాయంత్రం తీరిగ్గా వెళ్లండి. సంఘ పెద్దల్లో వయసు మళ్లినవాళ్లు ఎవరో కనుక్కోండి. ఇంట్లో పాత బైబిలు ఉంటే అట్ట లోపలి పేజీ చూడండి, పుట్టుకలు, చావులు అక్కడే రాసుకునేవాళ్లు.

ఖబరస్తాన్ అయితే దాని బాగోగులు చూసే ముతవల్లీని గానీ మసీదు కమిటీని గానీ కలవండి. రాయి మీద హిజ్రీ సంవత్సరం ఉంటే కంగారు పడొద్దు. 1350 హిజ్రీ అంటే 1931, 32.

పేపర్లో పడిందా?

పల్లెటూరి సామాన్యుడి చావు ఆ రోజుల్లో పేపర్‌కు ఎక్కడం అరుదు. పంతులో, ప్లీడరో, జైలుకెళ్లిన కాంగ్రెస్ మనిషో అయితే వెతకడంలో అర్థం ఉంది. నెల్లూరు 'జమీన్ రైతు', మద్రాసు నుంచి వచ్చిన 'ఆంధ్రపత్రిక' పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. పేరు టైప్ చేస్తే దొరుకుతుందనుకోవద్దు, పేజీ పేజీ తిప్పాలి. చనిపోయిన తేదీ నుంచి నెల రోజుల సంచికలు చూస్తే చాలు. దగ్గరి కాలం మరణాలకు జిల్లా ఎడిషన్లలో వచ్చే వర్ధంతి ప్రకటనలు, ట్రంకుపెట్టె అడుగున పడి ఉండే పెద్దకర్మ కార్డులు, జ్ఞాపకార్థ కూడిక కరపత్రాలు బాగా పనికొస్తాయి. మిషన్‌లో పనిచేసినవాళ్లయితే మిషన్ వార్షిక నివేదికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వాటిలో మనవాళ్ల ఇంటిపేర్లు చాలాసార్లు ఉండవు, ఊరి పేరుతో పోల్చుకోవాలి.

ఇక చోటు దగ్గరికి

ఊరి పాత శ్మశానం ఎక్కడుందో గ్రామ పటంలో శ్మశాన పోరంబోకు సర్వే నంబర్ చూస్తే తెలుస్తుంది. ఇప్పుడక్కడ కంపచెట్లు తప్ప ఏమీ కనపడకపోయినా నంబర్ ఉంటుంది. గోతులు తవ్విన కుటుంబంలో ఎవరున్నారో వాకబు చేయండి. మాకు చోటు చూపించింది అలాంటి మనిషి మనవడే.

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్షరాలు కనపడవు, ఏటవాలు వెలుగులో నీడలు పడి తేలతాయి. రాయి మీద కాసిని నీళ్లు చల్లండి. వైర్ బ్రష్, యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. మాది కడప బండ. నవంబర్ 2 సమాధుల పండగకు ఏటా ఎవరో పుణ్యాత్ములు వరసలో అన్నిటితో పాటు దానికీ సున్నం కొట్టి, కొట్టి, అక్షరాల గాట్లన్నీ పూడిపోయాయి. సెల్‌ఫోన్ టార్చ్ పక్కనుంచి పట్టుకుని వేలితో తడుముతూ పోతే ముందు 'న' తగిలింది, తర్వాత 'ద', మళ్లీ 'న'. నందన. అది 1952 ఉగాది నుంచి 1953 ఉగాది దాకా నడిచిన సంవత్సరం. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి రాయి ఒక్కటే చాలదు, అత్త మాట, రిజిస్టర్ తేదీ కలిశాకే నమ్మాం.

దొరికాక ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. రాయి ఒక్కటే కాకుండా చుట్టుపక్కల సమాధులూ కనపడేలా ఫోటో తీయండి. అలా తీసిన ఫోటో అత్తకు చూపిస్తే రాయి వైపు ఒక్క క్షణం చూసి, వేలు పక్కకు జరిపింది. "ఈ చిన్న దిబ్బ ఎవరిదిరా?"