రీసెర్చ్ టీమ్ రివ్యూ మీటింగ్: అందరూ నోరు విప్పేలా నడపడం ఎలా?

చాలా రీసెర్చ్ టీముల్లో రివ్యూ మీటింగ్ అంటే ప్రొఫెసర్‌గారు మాట్లాడటం, మిగతావాళ్లు తలలూపడం. ఎన్ని ఫారాలు పూర్తయ్యాయి, రిపోర్ట్ ఎప్పుడు పంపాలి అన్న లెక్క తేలుతుంది. అసలు మనం అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఉందా అన్నది మాత్రం చర్చకే రాదు. ఫీల్డ్‌లో తిరిగేవాళ్లకు ఆ సంగతి తెలుసు. కానీ సార్ కూర్చుని ఉండగా ముందు నోరు తెరిచేదెవరు? అందుకే ఈ మీటింగ్‌కి ఒక పద్ధతి కావాలి, బాగా చనువున్న టీముకైనా సరే.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. నిజామాబాద్, జగిత్యాల వైపు పల్లెల్లో ఆడవాళ్ల ఉపాధి మీద ఇంటింటి సర్వే జరుగుతోందనుకోండి. "మీరేం పని చేస్తారమ్మా?" అన్నది ప్రశ్న. ఒళ్లో చాట పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తూనే ఆవిడ "ఏం పని లేదు, ఇంట్లనే ఉంట" అంటుంది. ఇన్వెస్టిగేటర్‌గా వెళ్లిన అమ్మాయి ట్యాబ్‌లో 'పని చేయడం లేదు' నొక్కి పక్కింటికి వెళ్తుంది. ఏదో తేడాగా ఉందని ఆమెకు అప్పుడే అనిపిస్తుంది. ఆ అనుమానాన్ని మీటింగ్ టేబుల్ దాకా తీసుకురావడమే మన పని.

1. ఎప్పుడు కూర్చోవాలి?

ప్రాజెక్ట్ ముగిశాక చేసే సమీక్ష తర్వాతి ప్రాజెక్టుకే పనికొస్తుంది. పైలట్ సర్వే (అసలు సర్వేకు ముందు కొద్ది ఇళ్లలో చేసి చూసేది) అవగానే ఒకసారి, డేటా సేకరణ సగంలో ఇంకోసారి కూర్చోండి. గంట, గంటంపావు చాలు. ఫీల్డ్ నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం మాత్రం వద్దు.

2. నడిపేది పెద్దాయన కాకూడదు

గైడ్ గానీ, ప్రాజెక్టుకు బాధ్యుడైన ప్రొఫెసర్ గానీ మీటింగ్‌లో ఉండాలి, నడపకూడదు. ఒక్కోసారి ఒక్కొక్కరు నడపండి. ఎవరు ఏమన్నారో మినిట్స్‌లో రాయబోమని, ఇక్కడి మాటలు కాంట్రాక్ట్ రెన్యువల్ దగ్గర బయటికి రావని ప్రొఫెసర్‌గారే మొదట్లో చెప్పాలి. చెప్పి ఊరుకుంటే సరిపోదు, నిలబెట్టుకోవాలి. ఒక్కసారి మాట తప్పితే తర్వాతి మీటింగ్ నుంచి అందరూ "అంతా బాగానే ఉంది సార్" అంటారు.

3. ముందు రాత, తర్వాత మాట

అమెరికా సైన్యం 1970లలో శిక్షణ కోసం ఒక సమీక్ష పద్ధతిని మొదలుపెట్టింది. అందులోని నాలుగు ప్రశ్నలు రీసెర్చ్‌కీ చక్కగా సరిపోతాయి: ఏం జరగాలనుకున్నాం? నిజంగా ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏం మారుద్దాం?

మొదటి రెండు ప్రశ్నలకు ఏడెనిమిది నిమిషాలు ఎవరికి వారు మౌనంగా జవాబు రాసుకోవాలి. తెలుగులో రాయనివ్వండి. ఇంగ్లిష్‌లోనే రాయమంటే సగం మంది సగమే రాస్తారు. ఈ మౌనం కాలయాపనలా అనిపించినా కోత పెట్టకండి. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలోనే ఆలోచనలు జారిపోతాయని మనస్తత్వవేత్తలు మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబే 1987లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి.

4. ఒక్కొక్కరు, ఒక్కో పాయింట్

రాసినవాటిలోంచి వరసగా ఒక్కొక్కరు ఒక్కటే చదవాలి. అలా రౌండ్లు తిరగాలి. 1971లో డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించిన పద్ధతి ఇది. కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టండి, ప్రొఫెసర్‌గారి వంతు అన్నిటికన్నా చివర. ఎవరేం చెప్పినా వాళ్ల మాటల్లోనే బోర్డు మీదకెక్కాలి. 'ఉపాధి నమోదులో లోపం' అని నున్నగా మార్చేస్తే అసలు సంగతి పోతుంది. 'బీడీలు చుడుతూ పని లేదంటున్నారు' అనే ఉండాలి. ఈ దశలో వాదనలు లేవు. తర్వాత తలా మూడు చుక్కలు పెట్టి ముఖ్యమైనవి ఎంచుకోండి. ఇక్కడా పెద్దవాళ్ల చుక్కలు ఆఖరికే.

5. 'ఎందుకు' దగ్గర తొందరపడకండి

సగం టైమ్ దీనికే కేటాయించాలి. మొదట వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ట్రైనింగ్ సరిపోలేదు." దాన్ని నమ్మకండి. ఆ చోట ఇంకెవరున్నా ఇదే జరిగేదా అని అడగండి. జరిగేదే అయితే తప్పు మనిషిది కాదు, పద్ధతిది.

మన సర్వేనే చూద్దాం. 'పని చేయడం లేదు' అని ఎందుకు నొక్కింది? ఆవిడ అలాగే చెప్పింది కాబట్టి. మళ్లీ ఎందుకు అడగలేదు? ఫారంలో అడగమని లేదు, పైగా రోజుకిన్ని ఫారాలని టార్గెట్ ఉంది. టార్గెట్ ఎవరు పెట్టారు? బడ్జెట్ వేసినవాళ్లు. ఇలా కారణం మెట్టుమెట్టుగా పైకెక్కి ప్రొఫెసర్‌గారి టేబుల్ దగ్గర ఆగుతుంది. సరిగ్గా అక్కడే ఎవరో ఒకరు "సరే, తర్వాతి పాయింట్‌కి వెళ్దాం" అంటారు. మీటింగ్ నడిపేవాళ్లు గట్టిగా నిలబడాల్సింది ఆ క్షణంలోనే.

6. రెండు మూడు నిర్ణయాలు చాలు

ప్రతి నిర్ణయానికీ ఒక పేరు, ఒక తేదీ. "పని చేస్తారా?" అనే బదులు "గత 7 రోజుల్లో బీడీలు చుట్టడం, కుట్టుపని, పాలు అమ్మడం లాంటివి చేశారా?" అని మార్చాలనుకున్నారు. బాగానే ఉంది. అయితే ఆఫీసు పనిలో మార్పు వేరు, రీసెర్చ్‌లో మార్పు వేరు. ప్రశ్న మారిన తేదీకి ముందు వచ్చిన జవాబులనూ తర్వాత వచ్చినవాటినీ కలిపి లెక్కేస్తే, ఆడవాళ్ల ఉపాధి ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తుంది! కాబట్టి మార్పు తేదీ, ఫారం వెర్షన్ నంబర్ రాసిపెట్టుకోండి. ఎథిక్స్ కమిటీ (సర్వేలో పాల్గొనేవాళ్లకు నష్టం జరగకుండా చూసే కమిటీ) ఆమోదించిన ప్రశ్నావళి అయితే సవరణ వాళ్లకు పంపి, అనుమతి వచ్చాకే వాడాలి. పాత ఇళ్లకు మళ్లీ వెళ్లాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

తర్వాతి మీటింగ్‌లో మొదటి ఐదు నిమిషాలు ఈ నిర్ణయాలు చదవడానికే.

7. ప్రాజెక్ట్ ఇంకా మొదలవకపోతే

అప్పుడు సమీక్షను తిరగేయొచ్చు. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో ఒక వ్యాసంలో దీన్ని 'ప్రీమార్టెమ్' పేరుతో వివరించారు. "ఏడాది గడిచింది, మన ప్రాజెక్ట్ ఘోరంగా దెబ్బతింది, ఎందుకు?" అని టీమును అడిగి కారణాలు రాయించాలి. 'దెబ్బతినొచ్చేమో' కాదు, 'దెబ్బతింది' అనే అనాలి. అప్పుడు అనుమానం బయటపెట్టినవాళ్లు అపశకునం పలికినట్టు ఉండదు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినట్టే ఉంటుంది. వరినాట్ల టైమ్‌లో పగలు వెళ్తే ఇళ్లకు తాళాలుంటాయి అన్న మాట ఇలాంటప్పుడే వస్తుంది. అప్పటికింకా సర్వే తేదీలు మార్చుకునే వీలుంటుంది.