ఇంట్లో అన్నం గిన్నె ఉండగా లో-కార్బ్ డైట్ ఎంచుకోవడం ఎలా?

మా గోదావరి జిల్లాల్లో అన్నం మానేశానంటే "ఒంట్లో బాగోలేదాండీ?" అని అడుగుతారు. చుట్టూ వరిచేలే. దేశంలో ఎన్నో రాష్ట్రాలు పండించే స్వర్ణ (ఎంటీయూ 7029) పుట్టింది కూడా మా మార్టేరు పరిశోధన కేంద్రంలోనే. అలాంటి చోట ఇప్పుడు కీటో అనో, అట్కిన్స్ అనో పిండిపదార్థం (కార్బ్) తగ్గించే డైట్లు వీధికి నలుగురు మొదలుపెడుతున్నారు. వీటిలో ఏది మంచిదో తేల్చుకోవాలంటే నేను చెప్పే వరుస ఇది.

1. ముందు మీ బియ్యం తూచండి

ఒక వారం పాటు ఎసట్లో పోసే బియ్యాన్ని తూచి, తినేవాళ్ళ లెక్కన పంచండి. 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు పూటలా కలిపి 250 గ్రాముల బియ్యం తినే మనిషికి అన్నంతోనే 195 గ్రాములు. పొద్దుటి ఇడ్లీలు, టీలో పంచదార, చక్కెరకేళి వేరే లెక్క. కీటోలో రోజు మొత్తానికి ఉండేది 20 నుంచి 50 గ్రాములు. 50 అనుకున్నా గుప్పెడు బియ్యంతో సరి, ఇక కూరలో ఉల్లిపాయకి కూడా చోటుండదు. ఈ లెక్క చూసుకున్నాకే చాలామందికి ఉత్సాహం తగ్గుతుంది. మొదలుపెట్టకముందే తగ్గడం మంచిదే కదా.

2. ఏ డైట్ లెక్క ఏమిటో చూడండి

కీటోజెనిక్ డైట్ 1920ల్లో మూర్ఛ వ్యాధికి వైద్యంగా వచ్చింది, బరువు తగ్గడం కోసం వాడకం తర్వాతి మాట. అట్కిన్స్ డైట్‌ను అమెరికా గుండె డాక్టరు రాబర్ట్ అట్కిన్స్ 1972లో జనంలోకి తెచ్చారు. అందులో మొదటి రెండు వారాలు పీచు తీసేయగా రోజుకు 20 గ్రాముల పిండిపదార్థమే. ఆ తర్వాత వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ వెళ్ళాలి. సౌత్ బీచ్ అనే ఇంకో డైట్‌లోనూ రెండు వారాలే కఠినం, తర్వాత ముడిధాన్యాలు, పండ్లు మెల్లగా తిరిగొస్తాయి.

మనవాళ్ళకు బాగా తెలిసింది వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు (కొబ్బరినూనె లాంటివి), నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ బిళ్ళలు. గుర్తుపెట్టుకోవడం తేలిక, అదే దాని బలం. ఆ కొవ్వు మింగడమే కష్టం. కోనసీమలో కొబ్బరితోటల మధ్యే పుట్టినా కొబ్బరినూనె మాకు తలకే గాని తాలింపుకు అలవాటు లేదు!

3. బిళ్ళల డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్ళండి

ఈ ఒక్క మెట్టూ దాటేయకండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళలు గానీ వాడుతూ అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోయే కీటోఅసిడోసిస్ రావచ్చు. బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు కళ్ళు తిరగొచ్చు. మోతాదు మార్చాల్సింది డాక్టరే, మీరు కాదు, పక్కింటాయన అసలే కాదు. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ పరీక్షలు ముందే చేయించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు సొంతంగా దిగొద్దు.

4. మీ వంటింట్లో సాగుతుందా?

మనకు చేప, రొయ్య, గుడ్డు, గోంగూర, చింతచిగురు దొరుకుతాయి కాబట్టి సగం పని అయినట్టే. చింతచిగురు రొయ్యల కూరకు ఏ డైటూ అడ్డు చెప్పదు. పులుసులో వేసే బెల్లం ముక్క ఒక్కటి ఆపితే చాలు. శాకాహారులకు మాత్రం కీటో చాలా ఇరుకు. పప్పులోనూ పిండిపదార్థమే ఎక్కువ కనుక పెసరట్టు కూడా పోతుంది. వాళ్ళు అన్నం సగం చేసి కూర రెట్టింపు చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

5. మొదటి పదిహేను రోజుల తూకం నమ్మకండి

ఒంట్లో నిలవ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో (తిన్న పిండిపదార్థాన్ని ఒళ్ళు దాచుకునే రూపం) పాటు సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. అన్నం ఆపగానే ఆ నీరు పోతుంది. మొదటి వారం పోయిన మూడు కిలోల్లో కొవ్వు కొద్దిగానే. మూడో వారం నుంచి నడుం చుట్టుకొలత రాసుకోండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తిండిలో కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు.

6. తిరిగొచ్చే దారి ముందే రాసుకోండి

నేను కార్తీకంలో కీటో మొదలుపెట్టి సంక్రాంతికి అరిసెల దగ్గర ఆగిపోయాను. పోయిన బరువు శివరాత్రికల్లా తిరిగొచ్చింది. అందుకే ఇప్పుడు నా ఓటు అట్కిన్స్ మెట్లకే. 5 గ్రాములంటే సుమారు అర ఇడ్లీ. ఈ వారం అర ఇడ్లీ కలపండి, వచ్చే వారం ఇంకో అర. నడుం కొలత ఎక్కడ పెరగడం మొదలైతే అంతకు ముందు వారం దగ్గర ఆగండి. పెళ్ళి భోజనాల రోజు మాత్రం లెక్క పెట్టకండి, విస్తరి ముందు కాలిక్యులేటర్ తీస్తే వడ్డించేవాళ్ళు నొచ్చుకుంటారు.