రెండో గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు

గేమ్స్ కోసమైతే రెండో కార్డు జోలికి వెళ్లకండి. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌లో 3090 రకాలకే రెండు కార్డులను కలిపే వీలు ఉంచింది, 40 సిరీస్‌లో అదీ తీసేసింది. మూడు మానిటర్లకైనా మామూలుగా ఒక్కటే చాలు.

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేసేవాళ్ల (సీన్‌ను చిత్రంగా మార్చేవాళ్ల) సంగతి వేరు. అందులోని రెండర్ ఇంజిన్ సైకిల్స్ పనిని రెండు కార్డులకూ పంచుతుంది, ఎదురుచూపు నిజంగానే తగ్గుతుంది. కానీ 12 జీబీ మెమరీ ఉన్న కార్డులు రెండు పెడితే 24 అయిపోదు, సీన్ మొత్తం ఏ కార్డుకు ఆ కార్డులో పట్టాలి. అందుకే రెండర్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ చూడండి. నిండిపోతుంటే ఎక్కువ మెమరీ ఉన్న ఒక్క కార్డే కొనండి. మెమరీ ఖాళీగా ఉండి టైమే పడుతుంటే రెండోది పనికొస్తుంది, పవర్ సప్లై వాట్లు సరిపోతాయో లేదో చూసుకోండి.