ఆయిల్ పంప్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? డాలస్‌కు కొత్తగా వచ్చి పాత కారు కొన్నవారికి

ఆగస్టులో సెమిస్టర్ మొదలవుతుంది. అక్టోబరు వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కారులో ఆయిల్ లైట్ వెలుగుతోంది. షాపుకు తీసుకెళ్తే ఆయిల్ పంప్ పోయిందన్నారు. కారు కొన్న ధరలో సగం అడుగుతున్నారు. వీడియోలు చూశాను, మనమే మార్చుకోవచ్చా?"

మార్చుకోవచ్చు. కానీ ఆ లైట్ వెలిగిన కార్లలో ఎక్కువ వాటికి పంప్ (ఇంజిన్ అంతటికీ ఒత్తిడితో ఆయిల్ తోసేది) బాగానే ఉంటుంది. ఆయిల్ తగ్గిపోయి ఉంటుంది, లేదా ప్రెషర్ స్విచ్ (ఆయిల్ ఒత్తిడి తగ్గితే ఆ లైట్ వెలిగించేది) పాడై ఉంటుంది, లేదా ఏదో గాస్కెట్ (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్) దగ్గర ఆయిల్ కారిపోతూ ఉంటుంది. కొలవకుండా ఇంజిన్ విప్పవద్దు అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా కొనే 2003-2008 కొరోలా, అందులోని 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. నేను ఐదేళ్ళు నడిపింది అదే.

ఎర్రటి నూనెడబ్బా బొమ్మ వెలిగిందంటే ముందు కారు పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. "ఇంకో రెండు మైళ్ళేగా" అనుకోవద్దు. ఆయిల్ ప్రెషర్ లేని ఇంజిన్‌లో బేరింగులు అరిగిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. కింది గీత కంటే తక్కువుంటే ఆయిల్ పోయండి. ఈ కారుకు 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ పోయాలి. ఫిల్టర్‌తో కలిపి మొత్తం 3.9 క్వార్టులు పడుతుంది, అంటే దాదాపు 3.7 లీటర్లు. ఇక్కడ ఆయిల్ ఐదు క్వార్టుల డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బా మొత్తం ఒంపేయకండి, ఎక్కువైనా ప్రమాదమే.

ఆయిల్ నిండుగా ఉన్నా లైట్ ఆరకపోతే అప్పుడు ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టాలి. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో ఆయిల్ ప్రెషర్ టెస్టర్ అరువిస్తారు. డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు. ఊరికొచ్చిన కొత్తలో నాకు ఇది తెలియక, ఒక్కసారి వాడే పనిముట్లకు చాలా డబ్బు పోశాను. ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) కనీసం 4.3 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), 3000 ఆర్‌పీఎం దగ్గర 43 నుంచి 78 పీఎస్ఐ మధ్య ఉంటే పంప్ బాగున్నట్టే. అప్పుడు చవకైన స్విచ్ ఒక్కటి మారిస్తే చాలు. అలా ఫోన్ చేసిన తమ్ముళ్ళలో ఒకరి కారుకు సరిగ్గా ఇదే జరిగింది. గేజ్ ముల్లు ఐడిల్‌లోనే 15 దాటి నిలబడింది. ఆ కుర్రాడి ముఖంలో టెన్షన్ పోవడం నా కళ్ళతో చూశాను.

ఇక ఆయిల్ కారే సంగతి. రాత్రి కారు కింద అట్టముక్క పరచండి. పొద్దున గోధుమరంగు చుక్కలుంటే ఇంజిన్ ఆయిల్, గులాబీ రంగు నీళ్ళలాంటివుంటే కూలెంట్. ఆయిల్ పైనుంచి కిందికి కారుతుంది, కాబట్టి కింద తడిగా ఉన్నదల్లా లీకు కాదు. డీగ్రీజర్‌తో ఇంజిన్ బయటంతా కడిగి, రెండు రోజులు నడిపి, టార్చ్ వేసి అన్నిటికంటే ఎత్తున తడి ఎక్కడుందో చూడండి. దొంగ అక్కడే ఉంటాడు. ఈ ఇంజిన్‌లో మామూలుగా దొరికే చోట్లు రెండు: పైన వాల్వ్ కవర్ (ఇంజిన్ పై మూత) గాస్కెట్, వెనకవైపు టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి చైన్‌ను బిగువుగా ఉంచేది) ఓ-రింగ్, అంటే రబ్బరు రింగు. ఎక్కడా తడి లేకుండా ఆయిల్ తగ్గుతుంటే, పొగ నీలంగా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. గాస్కెట్లు మార్చి ప్రయోజనం లేదు. దాన్ని అలాగే వదిలేస్తే మెల్లగా క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) కూడా పోతుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) టెస్ట్ ఉంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంటే అందులో ఫెయిలవుతారు.

పని మొదలుపెట్టే ముందు మాటల దగ్గరే చిక్కు వస్తుంది. మన మెకానిక్ ప్యాకింగ్ అనేదాన్ని ఇక్కడ గాస్కెట్ అంటారు. ట్యాపెట్ కవర్ వాల్వ్ కవర్ అవుతుంది, ఆయిల్ చాంబర్ ఆయిల్ ప్యాన్ అవుతుంది, బోనెట్ హుడ్ అవుతుంది, స్పానర్ రెంచ్ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఇక్కడ డ్రైవర్ సైడ్ అంటే కారుకు ఎడమవైపు. మన దగ్గరి వీడియో చూస్తూ "డ్రైవర్ సైడ్ చక్రం విప్పండి" అన్నమాట పట్టుకుంటే తప్పు చక్రం విప్పుతారు. కొరోలాలో బెల్టులు, టైమింగ్ కవర్ ఉండేది కుడివైపు, అంటే ఇక్కడి ప్యాసింజర్ సైడ్. బిగింపు లెక్కలు కూడా ఫుట్-పౌండ్లలో ఉంటాయి. ఒక ఫుట్-పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. విడిభాగం కొనేటప్పుడు కారు పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకుండా 17 అక్షరాల విన్ నంబర్ (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చెప్పండి. డీలర్ పార్ట్స్ కౌంటర్లో దాన్నిబట్టి సరైన భాగమే తీసిస్తారు.

స్థలం ఇంకో సమస్య. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో కారు రిపేరు చేయకూడదని రాసి ఉంటుంది. ముందు లీజు చదవండి. జాక్ మీద నిలబెట్టిన కారు టో అయిపోతే, రిపేరు ఖర్చు కంటే దాన్ని విడిపించుకునే ఖర్చే ఎక్కువవుతుంది. గరాజు ఉన్న స్నేహితుడి ఇల్లు గానీ, గంటల లెక్కన లిఫ్ట్ అద్దెకిచ్చే చోటు గానీ చూసుకోండి. కారు కిందికి వెళ్ళేది జాక్ స్టాండ్ల మీద నిలబెట్టాకే. ఒక్క జాక్‌ను నమ్మి తల కింద పెట్టవద్దు. స్టాండ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే మోడల్ నంబర్ రీకాల్ జాబితాలో ఉందేమో చూడండి, 2020లో చాలా స్టాండ్లను వెనక్కి పిలిచారు.

వాల్వ్ కవర్ గాస్కెట్ మొదటిసారి చేసేవారికి మంచి పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పైనున్న ప్లాస్టిక్ మూత, నాలుగు ఇగ్నిషన్ కాయిళ్ళు, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే వాల్వ్) గొట్టం తీస్తే కవర్ బోల్టులు కనిపిస్తాయి, ఎక్కువగా 10 ఎంఎం సాకెట్ పడుతుంది. కవర్ ఎత్తగానే కామ్‌షాఫ్టులు (వాల్వులను తెరిచే ఇరుసులు) తేనెరంగులో మెరుస్తూ కనిపిస్తాయి. అప్పుడు మీ చేతిలోంచి బోల్టు గానీ చెత్త గానీ లోపల పడకూడదు, రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ పెట్టుకోండి. పాత గాస్కెట్ అప్పడంలా విరుగుతుంది. ఒక్క ముక్క కూడా గాడిలో మిగలకుండా తీసి, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. టైమింగ్ కవర్, సిలిండర్ హెడ్ కలిసే రెండు మూలల్లో కందిగింజంత సిలికాన్ పేస్ట్ పెట్టండి. ఈ రెండు చుక్కలు మరిచిపోయినవారు కొత్త గాస్కెట్ వేసినా లీకు ఆగలేదని మళ్ళీ ఫోన్ చేస్తారు. తర్వాత మధ్య నుంచి అంచులకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించండి. దాదాపు 8 ఫుట్-పౌండ్లు చాలు. ఆ మాత్రానికి చేతి బలం అక్కర్లేదు. అల్యూమినియంలో బోల్టు విరిగితే గంట పని రెండు రోజులవుతుంది. పీసీవీ వాల్వ్ కూడా అప్పుడే మార్చేయండి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ కొత్త గాస్కెట్‌ను కూడా తోసుకుని బయటికొస్తుంది. పేస్ట్ ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వండి.

ఇప్పుడు పంప్. గేజ్ నిజంగానే తక్కువ చూపిస్తే వెంటనే పంప్ దాకా వెళ్ళకుండా ముందు ఆయిల్ ప్యాన్ దించి చూడండి. ఆయిల్ వేళకు మార్చని కార్లలో నల్లటి జిడ్డు పేరుకుని పంప్ పీల్చే జల్లెడ మూసుకుపోతుంది. అది శుభ్రం చేస్తేనే ప్రెషర్ తిరిగొచ్చిన కార్లున్నాయి. ఈ ఇంజిన్‌లో ప్యాన్‌కు విడిగా గాస్కెట్ ఉండదు, సిలికాన్ పేస్ట్‌తోనే అతికి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అంచు వంగుతుంది, పలచటి బ్లేడుతో నెమ్మదిగా కోయాలి.

జల్లెడ శుభ్రంగానే ఉంటే పంపే. అది క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర, టైమింగ్ కవర్ వెనక ఉంటుంది. అంటే కూలెంట్ తీసేయాలి, కుడి చక్రం, బెల్ట్, వాటర్ పంప్ విప్పాలి, ఇంజిన్ కింద చెక్క పెట్టి జాక్‌తో ఆనించి, ఇంజిన్‌ను మోసే కుడివైపు మౌంట్ తీయాలి. చైన్ టెన్షనర్, క్రాంక్ పుల్లీ, వాల్వ్ కవర్, ఆ తర్వాత టైమింగ్ కవర్, చైన్. మొదటి సిలిండర్‌ను టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకు) తెచ్చి, చైన్ తీసేముందు గుర్తులన్నీ ఫోటోలు తీసుకోండి. చైన్ ఒక్క పన్ను తప్పి కూర్చుంటే వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. నాకు రెండు వారాంతాలు పట్టింది. ఒంటరిగా చేయలేదు, ఇంతకుముందు చేసిన స్నేహితుడు పక్కనున్నాడు. ఇంజిన్ ఎప్పుడూ విప్పనివారు ఈ పనితో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. రోజూ ఉద్యోగానికో, కాలేజీకో ఈ ఒక్క కారే దిక్కయితే అసలు వద్దు. గేజ్ రీడింగ్ ఫోటో పట్టుకుని రెండు మూడు షాపుల్లో ధర అడగండి.

చేసేవారు మాత్రం కొత్త పంప్‌ను పొడిగా బిగించకండి. గేర్లు మునిగేలా ఆయిల్ పోసి, చేత్తో తిప్పి బిగించండి. క్రాంక్ ముందు సీల్, టెన్షనర్ ఓ-రింగ్ కొత్తవి వేయండి. అంతా అయ్యాక ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, పదేసి సెకన్లు స్టార్టర్ తిప్పి, ఆయిల్ లైట్ ఆరాకే ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేయండి.

తీసిన ఆయిల్‌ను కాలువలోనో చెత్తడబ్బాలోనో పోయడం ఇక్కడ నేరం. ఒక గ్యాలన్ పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మూత ఉన్న డబ్బాలో పోసి విడిభాగాల షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా పట్టుకుంటారు. కూలెంట్ మాత్రం అందులో కలపవద్దు, కలిస్తే తీసుకోరు. అది తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టండి.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మీ కారు మీరు బాగుచేసుకోండి, రూమ్మేట్‌కు సాయం చేయండి. కానీ పని వచ్చింది కదా అని డబ్బు తీసుకుని పక్కవారి కార్లు చేయకండి. అది అనుమతి లేని ఉద్యోగం కిందకు వస్తుంది, వీసాకే ముప్పు.

పని పూర్తయ్యాక మొదటి రోజు రాత్రి మళ్ళీ అట్టముక్క పరచండి. వారం దాకా రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూడండి, 500 మైళ్ళకు ఇంకోసారి చూడండి.