కొత్త ల్యాప్‌టాప్‌లో యాప్‌లు అప్‌డేట్ అవ్వకపోతే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది జిరాక్సు, డీటీపీ షాపు. ఒడియాలో దరఖాస్తులు, తెలుగులో శుభలేఖలు రెండూ టైపు చేస్తాం. కాలేజీలు తెరిచే రోజుల్లో మాత్రం సగం పని కొత్త ల్యాప్‌టాప్‌లదే. కొందరు బరంపురంలో కొంటారు, కొందరు శ్రీకాకుళంలో, మిగిలినవాళ్లు ఆన్‌లైన్‌లో. ఎక్కడ కొన్నా మాట ఒకటే: "మావయ్యా, కొత్తదే కదా, ఏటిది, ఎంతసేపూ పెండింగే అంటంది?"

ల్యాప్‌టాప్ మనకి కొత్తది గానీ, అందులోని విండోస్, యాప్‌లు ఫ్యాక్టరీలో ఎక్కించిన నాటివి. గోడౌన్లు, షోరూములు దాటి మన చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. అందుకే నెట్ తగలగానే ఫొటోస్, క్లిప్‌చాంప్, ఫోన్ లింక్, కంపెనీవాళ్ల యాప్, ఆఫీస్, ట్రయల్ యాంటీవైరస్, అన్నీ ఒకేసారి అప్‌డేట్ అడుగుతాయి. వెనకాల విండోస్ కూడా తన అప్‌డేట్లు దింపుకుంటూ ఉంటుంది. ఇన్ని పనులు ఒక్కసారిగా జరిగేటప్పుడు స్టోర్ (యాప్‌లు దింపుకునే మైక్రోసాఫ్ట్ స్టోర్) తెరిచి ఒక యాప్ మీద పదేపదే నొక్కితే ఏమీ కదలదు.

నా పద్ధతిలో యాప్ జోలికి చివర్లో వెళ్తాను. ముందు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి చెక్ ఫర్ అప్‌డేట్స్ కొట్టండి. వచ్చినవి దిగాక రీస్టార్ట్ చేయండి. మళ్లీ చెక్ చేయండి, ఎందుకంటే మొదటి విడత పూర్తయ్యాకే బయటపడేవి కొన్ని ఉంటాయి. ఇక ఏమీ లేవనే దాకా ఇదే పని.

"రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున్న ఆన్ చేశాను కదా" అంటారు. అది సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది, ఆన్ చేయగానే అక్కణ్ణుంచే లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొదటి నుంచి మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే పెండింగ్ కేసుల్లో చాలావరకు ఒక్క రీస్టార్ట్‌తోనే తీరిపోతాయి. డబ్బులు తీసుకోవాలంటే నాకే మొహమాటంగా ఉంటుంది.

తర్వాత గడియారం. తేదీ, సమయం తప్పుగా ఉంటే స్టోర్‌కి సర్వరుతో సురక్షితమైన కనెక్షన్ కుదరదు, సర్వరు అసలైనదేనని చూపించే డిజిటల్ సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి మరి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరిచి సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే ఎంచుకోండి. 5.30 గంటల తేడాతోనే శ్రీ జయవర్ధనపుర అని ఇంకోటి కనిపిస్తుంది, అది శ్రీలంకది.

ఇక నెట్. మా వైపు ఇళ్లలో ఎక్కువమంది నడిపేది ఫోన్ హాట్‌స్పాట్ మీదే. డాబా మీదికెళ్తే ఒక టవరు, గదిలోకొస్తే పాతపట్నం వైపు టవరు. సిగ్నల్ మారిన ప్రతిసారీ డౌన్‌లోడ్ తడబడుతుంది. పైగా రోజుకి 1.5 జీబీ, 2 జీబీ ప్యాకులు. విండోస్ నెలవారీ అప్‌డేట్ ఒక్కటే జీబీ దాటొచ్చు. అది పూర్తయ్యేసరికి ఆ రోజు డేటా అయిపోయి స్పీడు పడిపోతుంది, మనమేమో యాప్ పాడైందనుకుంటాం. మొదటి రోజు అప్‌డేట్లకు మాత్రం బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చుట్టాలింటికి వెళ్లండి, ఛార్జర్ మరిచిపోకండి. బ్యాటరీ తగ్గి సేవర్ మోడ్‌లోకి వెళ్లినా వెనకాల జరిగే పనులు తగ్గిపోతాయి. ఇంకోటి, వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కి చెప్పేది) అనే మీట ఉంటుంది. డేటా మిగులుతుందని ఎవరైనా దాన్ని ఆన్ చేసి ఉంటే యాప్‌లు వాటంతటవి అప్‌డేట్ కావు. అప్‌డేట్లు అయ్యేదాకా ఆఫ్‌లో ఉంచి, హాట్‌స్పాట్‌కి తిరిగొచ్చాక మళ్లీ ఆన్ చేసుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక స్టోర్ తెరవండి. డౌన్‌లోడ్స్ అనో, లైబ్రరీ అనో ఎడమవైపు ఉంటుంది, వెర్షన్‌ని బట్టి పేరు మారుతుంది. అందులో చెక్ ఫర్ అప్‌డేట్స్ లేదా గెట్ అప్‌డేట్స్ నొక్కండి. జాబితాలో మైక్రోసాఫ్ట్ స్టోర్, యాప్ ఇన్‌స్టాలర్ కనిపిస్తే ముందు ఆ రెండూ కానివ్వండి, మిగతావాటిని కాసేపు పాజ్‌లో పెట్టండి. స్టోరే పాతదైతే మిగతా యాప్‌లను సరిగ్గా దింపలేకపోవచ్చు.

ఎర్రర్ వస్తే కోడ్ మొత్తం చదవక్కర్లేదు. ఫోన్లో అడిగేవాళ్లకు నేను చివరి నాలుగు అక్షరాలు చెప్పమంటాను. 3డీ02 అయితే ఆ యాపో, దానికి సంబంధించినదో వెనకాల నడుస్తోందని. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఎండ్ టాస్క్ చేయండి. ఫోన్ లింక్ ఎక్కువగా ఇలా దొరుకుతుంది. 0070 అంటే డిస్కులో చోటు లేదు. 64 జీబీ స్టోరేజీ ఉన్న చవక మోడళ్లలో ఇది కొన్నాళ్లకే వచ్చేస్తుంది. 2ఎఫ్8ఎఫ్ అయితే పైన చెప్పిన గడియారం మళ్లీ చూడండి. 0005 అంటే అనుమతి లేదని, అప్పుడు అడ్మిన్ అకౌంటుతో లాగిన్ అయ్యారో లేదో చూసుకోవాలి. ఇంట్లో నాన్న పేరు మీద అడ్మిన్, పిల్లాడికి మామూలు అకౌంటు పెట్టుకున్నచోట ఇది ఉంటుంది.

కోడ్ ఏమీ లేకుండా చక్రం అలా తిరుగుతూనే ఉంటే స్టోర్ క్యాష్ (అది తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) ఖాళీ చేయాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ, ఎస్, ఆర్, ఈ, ఎస్, ఈ, టీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఖాళీ కిటికీ ఒకటి తెరుచుకుని చాలాసేపు అలాగే ఉంటుంది. మూసేయకండి. దానంతట అది పోయి స్టోర్ తెరుచుకుంటుంది. యాప్‌లకేమీ కాదు.

ఒక్క యాప్ మాత్రమే మొండికేస్తే సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్, ఆ పేరు పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ రిపేర్, రీసెట్ అని రెండు బటన్లుంటాయి. రిపేర్ నిర్భయంగా నొక్కొచ్చు, డేటా ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ యాప్‌లోని డేటా తుడిచిపెట్టుకుపోతుంది. స్టిక్కీ నోట్స్‌లో పాస్‌వర్డులు రాసుకునేవాళ్లు (చాలామందే ఉన్నారు) అవి వేరేచోట రాసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

స్టోర్‌తో సంబంధం లేనివీ కొన్ని ఉంటాయి. ఆఫీస్‌కి దారి వేరు: వర్డ్ తెరిచి ఫైల్, అకౌంట్, అప్‌డేట్ ఆప్షన్స్, అప్‌డేట్ నౌ. ల్యాప్‌టాప్ కంపెనీ యాప్ బయోస్ (విండోస్ కంటే ముందు లేచి ల్యాప్‌టాప్‌ని ఆన్ చేసే ప్రోగ్రాం) అప్‌డేట్ చూపిస్తే ఛార్జర్ తగిలించి, పూర్తయ్యేదాకా మూత దించకుండా, పవర్ బటన్ ముట్టకుండా ఉండాలి. ట్రయల్ యాంటీవైరస్‌ని అప్‌డేట్ చేయడం కంటే తీసేయడమే మేలని నేనంటాను. తీయగానే విండోస్‌తో వచ్చిన డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది. వాడని గేములు కూడా అంతే, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే వాటి అప్‌డేట్ గొడవే ఉండదు.

ఎవరో వీడియోలో చూపించిన పవర్‌షెల్ కమాండ్ కాపీ చేసి పేస్ట్ చేయడం మాత్రం వద్దు. అన్నీ అయిపోయినా కదలకపోతే స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ తెరిచి, విండోస్‌లో పాడైన ఫైళ్లను సరిచేసే రెండు కమాండ్లు కొట్టండి: డీఐఎస్‌ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. ప్రతి ఏటవాలు గీతకీ (/) ముందు స్పేస్ ఉండాలి. మొదటిది 62.3 శాతం దగ్గర ఆగిపోయినట్టు కనిపించడం మామూలే, టెన్షన్ పడి కిటికీ మూసేయొద్దు.

దానికీ లొంగకపోతే రీసెట్ దిస్ పీసీ, అంటే విండోస్‌ని మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. కొత్త ల్యాప్‌టాప్‌లో మన ఫైళ్లు ఇంకా తక్కువే కాబట్టి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం తేలిక. ఆఫీస్‌ని ఏ మెయిల్ ఐడీతో యాక్టివేట్ చేశారో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. కీప్ మై ఫైల్స్ ఎంచుకున్నా మీరు వేసుకున్న యాప్‌లు పోతాయి. ఆ తర్వాత క్లౌడ్ డౌన్‌లోడా (విండోస్‌ని నెట్ నుంచి దింపడం), లోకల్ రీఇన్‌స్టాలా (ల్యాప్‌టాప్‌లో ఉన్నవాటితోనే ఎక్కించడం) అని అడుగుతుంది. క్లౌడ్‌కి 4 జీబీ పైనే డేటా కావాలి, హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లు లోకల్ రీఇన్‌స్టాల్ నొక్కండి.