ఏ దేశంవాళ్లను ఏమనాలి? డెస్కులో నేర్చుకున్న పద్ధతి

రాత్రి పదిన్నరకు హైదరాబాద్ టోలీచౌకి నుంచి ఒక వార్త కాపీ వచ్చింది. "నైజీరియన్ల ఘర్షణ, నలుగురు అదుపులో" అని హెడ్డింగ్ కూడా రిపోర్టరే పెట్టి పంపాడు. పదకొండుకల్లా పేజీ వదలాలి. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ చేసి, పాస్‌పోర్టులు చూశావా అని అడిగాను. "స్టేషన్లో అందరూ నైజీరియన్లనే అంటున్నారు మేడం" అన్నాడు. ఫొటోలు తీసి పంపమన్నాను. పది నిమిషాలకు వాట్సాప్‌లో నాలుగు వచ్చాయి. ఒకటి నైజీరియాది. ఒకటి ఐవరీ కోస్ట్‌ది, అందులో అంతా ఫ్రెంచి. మిగతా రెండూ సూడాన్‌వి, వాటి మీద అరబ్బీ అక్షరాలు. నలుగురిలో ముగ్గురికి మేం పెట్టబోయిన పేరుతో ఏ సంబంధమూ లేదు. "విదేశీ విద్యార్థుల ఘర్షణ" అని హెడ్డింగ్ మార్చి, ఎవరిది ఏ దేశమో లోపల రాసి పేజీ వదిలాను.

మాది బందరు. ఇరవై రెండేళ్లుగా తెలుగు పత్రికల్లో సబ్ ఎడిటర్‌గా చేస్తున్నాను. ఎక్కువ కాలం చూసింది అంతర్జాతీయ పేజీనే. ఏ దేశంవాళ్లను తెలుగులో ఏమనాలన్నది రోజూ ఎదురయ్యే ప్రశ్న. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసులో పక్క సీటువాళ్ల గురించి ఇంట్లో చెప్పాలన్నా, విదేశంలో చదివే కొడుకు స్నేహితుల గురించి ఎవరికైనా రాయాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు పౌరుడా, వాసా, సంతతా తేల్చుకోండి

పేరు వెతికే ముందు మనిషికీ దేశానికీ ఉన్న సంబంధం ఏమిటో చూడాలి. తెలుగులో దీనికి మంచి మాటలే ఉన్నాయి, కానీ ఒకదాని చోట ఒకటి వాడేస్తాం. పౌరుడు అంటే ఆ దేశపు పౌరసత్వం ఉన్నవాడు. వాసి అంటే అక్కడ ఉంటున్నవాడు, అంతే. హెచ్-1బీ వీసా మీద డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు అమెరికా వాసి, అమెరికన్ కాదు. అతను ప్రవాస భారతీయుడు. సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టారు, ఇప్పుడు అమెరికా పౌరుడు, కాబట్టి ఆయన భారత సంతతి అమెరికన్. భారతదేశం ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుంటే రాకపోకలకు, ఉండడానికి వీలవుతుంది గానీ దాంతో భారత పౌరసత్వం రాదు.

రిషి సునాక్ ప్రధాని అయినప్పుడు "బ్రిటన్ పీఠంపై భారతీయుడు" అని ఎన్నో చోట్ల చూశాను. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో. తల్లిదండ్రులు పుట్టింది తూర్పు ఆఫ్రికాలో. అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ తల్లిదండ్రులు తెలుగువాళ్లు, ఆమె పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. "మన అమ్మాయి" అని మురిసిపోవడంలో తప్పులేదు, నేనూ మురిశాను. కానీ వార్తలో "భారతీయురాలు" అంటే అబద్ధమే. "తెలుగు మూలాలున్న అమెరికన్" అంటే మన మురిపెమూ ఉంటుంది, నిజమూ ఉంటుంది.

తర్వాత తోక చూడండి

మాట చివర ఏ అక్షరం ఉందో చూస్తే చాలావరకు దారి దొరుకుతుంది. ఇది నాకు మొదటి చీఫ్ సబ్ నేర్పారు, ఇప్పటికీ దీన్నే నమ్ముకున్నాను. చివర "న్" ఉంటే "లు" చేర్చండి: రష్యన్లు, జర్మన్లు, ఇటాలియన్లు, బ్రెజిలియన్లు. చివర "ఈ" ఉన్నా అంతే: పాకిస్తానీలు, ఇరాకీలు, ఒమానీలు, నేపాలీలు. చివర ష్, చ్, స్ వస్తే "లు" వద్దు, "వారు" చేర్చండి: బ్రిటిష్ వారు, ఫ్రెంచివారు, డచ్చివారు, పోర్చుగీసువారు. "స్పానిష్‌లు", "ఫ్రెంచ్‌లు" అని రాస్తే తెలుగు చెవికి గుచ్చుకుంటుంది. స్పానిష్, పోలిష్, ఫిన్నిష్ అన్నవి మనకు భాషల పేర్లుగానే తెలుసు కాబట్టి మనుషులకు స్పెయిన్ దేశీయులు, పోలండ్ దేశీయులు, ఫిన్లండ్ దేశీయులు అనడం మేలు. చైనీయులు, జపనీయులు, శ్రీలంకేయులు ఎప్పటి నుంచో స్థిరపడిన మాటలు, వాటిని కదపక్కర్లేదు. ఏదీ కుదరకపోతే దేశం పేరు పక్కన "దేశస్థులు" చేర్చండి, ఎక్కడా తప్పు పోదు.

ఏకవచనం దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. "వాళ్లు"లో లేని చులకన "వాడు"లో వచ్చేస్తుంది. "చైనావాళ్లు" అంటే మామూలు మాటే, "చైనావాడు" అనగానే గొంతు మారిపోతుంది. చైనా ఇంజినీరు, జపాన్ యువకుడు, జర్మన్ మహిళ అని పనినో వయసునో జతచేస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా అవసరం. "జపనీయురాలు" చెల్లుతుంది గానీ "అమెరికనురాలు" అని ఎవరం అనం.

మా బందరు వీధుల్లో ఉన్న పేర్లు

మన తాతముత్తాతలకు ఈ సందేహం లేదు. విన్న మాటను తెలుగు నోటికి పట్టేలా తిప్పుకున్నారు. పోర్చుగీసువారు బుడతకీచులయ్యారు. ఫ్రెంచివారు పరాసులు. హాలండ్ నుంచి వచ్చినవాళ్లు వలందాలు. మా ఊళ్లో ఇప్పటికీ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో బందరులో వ్యాపారం పెట్టారు. డచ్చివాళ్లు ఇంగ్లీషువాళ్ల కంటే ముందే దిగారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ "వలందపాలెం వెళ్లి మజ్జిగ తీసుకురా" అనేది. అది ఒక దేశం పేరని డిగ్రీకి వచ్చేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు వార్తల్లో బుడతకీచులని రాయలేం, చదివేవాళ్లకు అర్థం కాదు. చరిత్ర వ్యాసంలోనైతే తప్పకుండా వాడండి, చాలా అందమైన మాట. అయితే అలాంటి వ్యాసాల్లోనే ఒక పెద్ద పొరపాటు కనిపిస్తుంది. కంపెనీ కాలంలో వచ్చిన ప్రతి తెల్లవాణ్నీ "ఆంగ్లేయుడు" అంటాం. ఆంగ్లేయుడంటే ఇంగ్లండ్ మనిషి. దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చి, 1827లో పత్తికొండలో కన్నుమూసిన సర్ థామస్ మన్రోది స్కాట్లండ్‌లోని గ్లాస్గో. మన ఊళ్ల చరిత్రలను కైఫీయత్తులుగా రాయించిన కల్నల్ మెకంజీది స్కాట్లండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవి. ఇద్దరూ బ్రిటిష్ వారు, ఇద్దరూ స్కాట్లండ్ వారు, ఇద్దరిలో ఎవరూ ఆంగ్లేయులు కారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ కలిస్తే యునైటెడ్ కింగ్‌డమ్. సందేహం ఉంటే "బ్రిటిష్" అనండి. ఉత్తర ఐర్లండ్ దగ్గర అదీ జాగ్రత్తగానే అనాలి. అక్కడివాళ్లు తమను ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ఆ హక్కు వాళ్లకే ఇచ్చింది. ఐర్లండ్ రిపబ్లిక్ వాళ్లను మాత్రం ఎప్పుడూ బ్రిటిష్ వారనకండి.

దేశం పేరు వేరు, జనం పేరు వేరు

నెదర్లాండ్స్‌లో ఉండేవాళ్లు డచ్చివారు. హాలండ్ అన్నది ఆ దేశంలోని 12 రాష్ట్రాల్లో రెండింటి పేరు మాత్రమే. అఫ్గానిస్తాన్ వాళ్లు అఫ్గాన్లు. "అఫ్గానీ" అంటే వాళ్ల రూపాయి లాంటిది, కరెన్సీ. హోటల్లో అఫ్గానీ చికెన్ తిని ఆ అలవాటుతో మనుషులనూ అలాగే రాస్తున్నాం. ఫిలిప్పీన్స్ వాళ్లు ఫిలిప్పీనోలు.

జాతి పేరూ దేశం పేరూ కలిసిపోయే చోట ఇంకా నిదానంగా ఉండాలి. సింహళీయుల్లో దాదాపు అందరూ శ్రీలంకేయులే, కానీ శ్రీలంకేయులందరూ సింహళీయులు కారు. జాఫ్నా తమిళుణ్ని సింహళీయుడని రాస్తే అతని బతుకులోని పెద్ద గాయాన్ని కెలికినట్టే. బెంగాలీలంటే కోల్‌కతా వాళ్లూ, ఢాకా వాళ్లూ. ఢాకా వాళ్ల పౌరసత్వం గురించి చెప్పేటప్పుడు "బంగ్లాదేశీయులు" అనే రాయాలి. బర్మాలో బర్మన్లన్నది ఒక జాతి, అక్కడే కరెన్లూ షాన్లూ కచిన్లూ ఉన్నారు. 1989లో దేశం పేరు మయన్మార్‌గా మార్చారు కాబట్టి అందరికీ కలిపి "మయన్మార్ దేశీయులు" అంటే సరిపోతుంది. ఇరానీలు అరబ్బులు కారు, వాళ్ల భాష పారసీకం. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ తాగే మనం ఇందులో పొరబడకూడదు. ఇక సోవియట్ కాలం నుంచి మన పెద్దవాళ్లకు కీవ్ అయినా తాష్కెంట్ అయినా "రష్యా"నే. 1991లో అది 15 దేశాలైంది. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఉక్రెయిన్ మనిషిని రష్యన్ అనడం ఎంత కష్టపెడుతుందో ఆలోచించండి.

క్రికెట్ పేజీవాళ్లకు ఒక మాట. వెస్టిండీస్ దేశం కాదు, చాలా దేశాలు కలిసి ఆడే జట్టు. లారాది ట్రినిడాడ్, చందర్‌పాల్‌ది గయానా. కివీలు, సఫారీలు, కంగారూలు ఆ పేజీలోనే ఉండాలి. న్యూజిలాండ్‌లో భూకంపం వస్తే "కివీల మృతి" అని రాయకూడదు.

"దుబాయ్ షేక్" అన్న మాట

దీని గురించి ఎక్కువ చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. ఇంట్లో ఆ మాట సరిపోతుంది. అచ్చులో సరిపోదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన పత్రికలో జగిత్యాల వైపు మనిషి ఒకరు చనిపోయిన వార్త వచ్చింది. "దుబాయ్ షేక్ వద్ద పనిచేస్తూ" అని వేశాం. పొద్దున్నే అతని భార్య ఫోన్ చేసింది. "అమ్మా, మీ పేపర్ల దుబాయ్ అని రాసిండ్రు. మా ఆయన ఉన్నది మస్కట్ల. కఫీల్‌ది గూడ అదే దేశం. ఇప్పుడు అందరు దుబాయ్ ఆఫీసుకే ఫోన్ చేయమంటున్నరు." మస్కట్ ఒమన్ రాజధాని, కఫీల్ అంటే అక్కడ పనికి పిలిపించుకున్న యజమాని. శవాన్ని ఇంటికి తేవాలంటే అక్కడి భారత ఎంబసీతో మాట్లాడాలి. మేం రాసిన ఒక్క మాట పట్టుకుని ఆ ఊరి పెద్దలు రెండు రోజులు తప్పు నంబర్లకు ఫోన్లు చేశారు. ఆ కాపీ చూసింది నేనే.

అప్పటి నుంచి డెస్కులో గోడకు ఒక కాగితం అంటించాను. దుబాయ్ దేశం కాదు, యూఏఈలోని ఏడు ఎమిరేట్లలో ఒకటి. అక్కడి పౌరులు ఎమిరాతీలు. సౌదీవాళ్లు సౌదీలు, కువైట్ వాళ్లు కువైటీలు, ఖతర్ వాళ్లు ఖతరీలు, బహ్రెయిన్ వాళ్లు బహ్రెయినీలు. యజమాని ప్రతివాడూ షేక్ కాదు. కడప, రాజంపేట వైపు నుంచి వచ్చే కాపీల్లో కువైట్ సరిగ్గానే ఉంటుంది, అక్కడి ఇళ్లకు ఆ దేశం బాగా తెలుసు.

వదిలేయాల్సిన మాటలు

"నీగ్రో", "నల్లోళ్లు" ఏ సందర్భంలోనూ వద్దు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, ఏ దేశమో కనుక్కుని రాయండి. తెలియకపోతే "ఆఫ్రికా విద్యార్థి" అనండి, అంతేగానీ ఊహించి నైజీరియన్ అనకండి. నైజర్ అన్న ఇంకో దేశం కూడా ఉంది, రెండూ కలిపేయకండి. "తురక" అన్నది తుర్కుల నుంచి వచ్చిన మాటే, కానీ మన దగ్గర అది పక్కింటి ముస్లింను కించపరిచే మాటగా మారింది. తుర్కియే పౌరులకు "తుర్కులు" అనండి. "రెడ్ ఇండియన్లు" వద్దు, అమెరికా మూలవాసులు అనండి, తెగ పేరు తెలిస్తే అదే రాయండి. "ఎస్కిమో" బదులు చాలావరకు ఇనూయిట్. "గూర్ఖా" అంటే రాత్రి కాపలా మనిషని మనకు అలవాటైంది. అది ఒక జనం పేరు, ఆ జనంలో డార్జిలింగ్ వైపు వాళ్లు మనలాగే భారత పౌరులు. మణిపూర్, మిజోరాం పిల్లల్ని చైనా వాళ్లనడం గురించి ఇంకా చెప్పాల్సి రావడమే బాధ.

మనకూ ఇలాంటి పేర్లు పెట్టారు. పోర్చుగీసు మాటలో అన్యమతస్థుడని అర్థమున్న "జెంటూ"నే తొలినాళ్ల ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లకూ, తెలుగు భాషకూ వాడారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి రంగం, అంటే రంగూన్ వెళ్లిన మన కూలీలను బర్మాలో "కొరింగీలు" అన్నారు. ఉత్తరాదిన నిన్నమొన్నటి దాకా అందరం మద్రాసీలమే.

అడగండి

ఎంత చదివినా అడిగి తెలుసుకోవడమే మంచిది. "మీది ఏ దేశం?" అన్నాక ఆగిపోకండి. "మీవాళ్లను మీరు ఏమంటారు?" అని రెండో ప్రశ్న కూడా అడగండి. టోలీచౌకి వార్త వచ్చిన మరుసటి వారం ఆ సూడాన్ విద్యార్థుల్లో ఒకరు వివరణ ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చారు. రిసెప్షన్లో కూర్చుని టీ తాగుతూ "సూదానీ" అని పలికి చూపించారు, "ద" మీద ఒత్తి. తన దేశం పేరు సరిగ్గా వేసినందుకు రెండుసార్లు థాంక్స్ చెప్పారు. తర్వాత ఆయనే అడిగారు, మీరు హైదరాబాదీయేనా అని. కాదు, బందరు అన్నాను. కప్పు కింద పెట్టి, "బందర్!" అన్నారు. "మా అరబ్బీలోనూ ఉంది ఆ మాట. రేవు. మీది సముద్రం ఒడ్డు ఊరు కదూ?"