లైసెన్స్ లాక్కున్నాక పదిహేను రోజులే: టెక్సాస్ వెళ్తున్న మన పిల్లలకు

బతుకమ్మకు హనుమకొండ వస్తే, డాలస్‌కు చదువుకోను వెళ్తున్న పిల్లలు నలుగురు కలిశారు. సర్వపిండి ఎన్ని రోజులు నిలవుంటుందని అడిగారు గానీ లైసెన్స్ గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

టెక్సాస్‌లో తాగి నడుపుతూ దొరికితే రెండు వ్యవహారాలు మొదలవుతాయి. ఒకటి కోర్టు కేసు, రెండోది లైసెన్స్ సంగతి. దేని దారి దానిదే. "కోర్టు తారీఖు రానీ, చూద్దాం" అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. లైసెన్స్ తీసుకుని పోలీసు ఒక కాగితం ఇస్తాడు. సస్పెన్షన్ నోటీసు అదే, తాత్కాలిక పర్మిట్ కూడా అదే. అది అందిన 15 రోజుల్లో హియరింగ్, అంటే లైసెన్స్ మీద విచారణ, కావాలని అడగాలి. అడిగితే నిర్ణయం వచ్చేదాకా సస్పెన్షన్ ఆగుతుంది. అడగకపోతే 40వ రోజున దానంతటదే మొదలవుతుంది. కాలిఫోర్నియాలోనైతే అడగడానికి 10 రోజులే.

హియరింగ్‌లో జ్యూరీ ఉండదు, ఒక జడ్జి వింటారు. ఆయన చూసేవి కొన్నే: బండి ఆపడానికి సరైన కారణం ఉందా? ఊపిరి లేదా రక్త పరీక్షలో ఆల్కహాల్ 0.08 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందా? లేక పరీక్షకే ఒప్పుకోలేదా? "సెమిస్టర్ పోతుంది సార్, మాది మంచి కుటుంబం" అంటే లెక్కలోకి రాదు. ఆర్టీఓ ఆఫీసు బయట ఏజెంటును పట్టుకునే అలవాటును కాజీపేట స్టేషన్‌లోనే దింపేసి వెళ్లండి.

మన దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, అక్కడ 80 (ఆ 0.08 అంటే ఇదే) దాకా ఉందని మురవకండి. తూలుతున్నారని అనిపిస్తే అంతకన్నా తక్కువకూ పట్టుకోవచ్చు.

మొదటిసారి పరీక్షలో దొరికితే సస్పెన్షన్ 90 రోజులు, పరీక్షకు ఒప్పుకోకపోతే 180. ఈలోగా కాలేజీకో పనికో వెళ్లేంతవరకు ఆక్యుపేషనల్ లైసెన్స్ ఇవ్వమని కోర్టును అడగొచ్చు. గడువు తీరాక ఫీజు కట్టి లైసెన్స్ తిరిగి తెచ్చుకోవాలి.

అసలు టెన్షన్ వీసాతో. శిక్ష పడకపోయినా, అరెస్టు మీదే వీసా రద్దు చేయొచ్చు. అప్పుడు ఇంటికొస్తే మళ్లీ స్టాంపింగ్‌కు వెళ్లాల్సిందే. అందుకే లాయర్‌కు వీసా సంగతి మొదటి మాటలోనే చెప్పాలి.

"పట్టుకుంటే ముందు ఇంటికి ఫోన్ చేయాలా అన్నా?" అని ఒకడు అడిగాడు. ముందు లాయర్‌కు చెయ్ తమ్మీ. అమ్మకు తెల్లారాక.